ఒకే ఆర్టీసీ, వేర్వేరు టికెట్లు: మీ పిల్లలు చదివే ఇన్‌హెరిటెన్స్, ఓవర్‌రైడింగ్

తల్లిదండ్రుల కోసం కంప్యూటర్ పాఠం



గత పేరెంట్స్ మీటింగులో ఓ తండ్రి నన్నొక ప్రశ్న అడిగారు. "మేడమ్, లెక్కలైతే నేనే కూర్చోబెట్టి చేయిస్తాను. తెలుగు, సోషల్ వాళ్లమ్మ చూస్తుంది. ఈ జావా మాత్రం మా ఇద్దరికీ రాదు. వాడేమో అంతా వచ్చేసిందంటాడు. నిజంగా వచ్చిందో, బట్టీ పట్టాడో మాకెలా తెలియాలి?"

"ల్యాబు మార్కులు చూస్తే తెలుస్తుందండీ" అని చెప్పి పంపేశాను. కానీ అది సరైన జవాబు కాదని ఆ వారమే ల్యాబులో అర్థమైంది. ఇన్‌హెరిటెన్స్ అంటే ఏమిటని అడిగితే ఇద్దరు పిల్లలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పారు. ఓవర్‌రైడింగ్ నిర్వచనంలో ఒక్క మాట కూడా తడబడలేదు. ఇద్దరి ప్రోగ్రాములూ ఎర్ర గీత లేకుండా నడిచాయి. ఇద్దరి జవాబులూ తప్పే. ఎందుకు తప్పో ఇద్దరికీ వెంటనే తెలియలేదు.

ఆ తండ్రికి అప్పుడు ఇవ్వలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. దీన్ని చదవడానికి మీకు ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఆర్టీసీ బస్సెక్కిన అనుభవం ఉంటే చాలు.

ల్యాబులో ఇచ్చిన లెక్క

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న ఇలాంటి పథకమే మొదలైంది. సూపర్ లగ్జరీ వంటి పై తరగతి బస్సుల్లో మాత్రం అందరూ టికెట్ కొనాల్సిందే. ఇది మీ అందరికీ తెలిసిన సంగతే. మరొకటి కూడా మీరు గమనించే ఉంటారు. ఉచితమైనా సరే, కండక్టర్ ఆ మహిళకు టికెట్ కొడతారు. దాని మీద కట్టాల్సిన మొత్తం సున్నా. అందుకే అందరూ దాన్ని జీరో టికెట్ అంటారు.

పిల్లలకు ఇచ్చిన లెక్క ఇది. ఒక బస్సులో ఐదుగురు ఎక్కారు. ముగ్గురు మహిళలు, ఇద్దరు పురుషులు. అందరూ 40 కిలోమీటర్లు వెళ్తారు. బస్సు పల్లెవెలుగు అయితే ఎన్ని టికెట్లు, ఎంత డబ్బు? సూపర్ లగ్జరీ అయితే ఎన్ని, ఎంత? లెక్క తేలిగ్గా ఉండాలని మామూలు బస్సుకు కిలోమీటరుకు 1 రూపాయి, సూపర్ లగ్జరీకి 2 రూపాయలు అనుకున్నాం. అసలు ఛార్జీలు వేరే ఉంటాయి. పథకానికి స్థానికత చూపే గుర్తింపు కార్డు కావాలన్న నిబంధననూ ఇక్కడ పక్కన పెట్టాం.

కాగితం మీద మీరే వేసి చూడండి. పల్లెవెలుగులో 5 టికెట్లు, 80 రూపాయలు. సూపర్ లగ్జరీలో 5 టికెట్లు, 400 రూపాయలు. ఈ రెండు వరుసలూ గుర్తుంచుకోండి, మళ్లీ వాటి దగ్గరికే వస్తాం.

ఇన్‌హెరిటెన్స్: ఒకసారి రాసి అందరికీ ఇవ్వడం

ఆర్టీసీలో ఎన్ని రకాల బస్సులున్నా అన్నింట్లోనూ జరిగే పని ఒకటుంది. ప్రయాణికులు ఎక్కుతారు, దూరాన్ని బట్టి ఛార్జీ లెక్కవుతుంది, టికెట్ వస్తుంది. ఈ పనిని పల్లెవెలుగు కోసం ఒకసారి, ఎక్స్‌ప్రెస్ కోసం ఒకసారి, సూపర్ లగ్జరీ కోసం ఒకసారి రాసుకుంటూ పోతే ప్రోగ్రాం చాంతాడంత అవుతుంది. రేపు టికెట్ మీద తేదీ కూడా పడాలంటే అన్నిచోట్లా దిద్దాలి. ఒక్కచోట మరిచిపోయినా ఆ రకం బస్సులో తేదీ లేని టికెట్ వస్తుంది.

అందుకని ఉమ్మడిగా ఉన్నదంతా 'బస్సు' అనే ఒక్క క్లాసులో రాస్తారు. క్లాస్ అంటే నమూనా. ఇంటికి ప్లాన్ ఎలాగో ప్రోగ్రాములో వస్తువుకు క్లాస్ అలాగ. దాని నుంచి తయారైన అసలు వస్తువును ఆబ్జెక్ట్ అంటారు. క్లాసులో ఉండే ఒక్కో పనిని మెథడ్ అంటారు. ఆ తర్వాత 'పల్లెవెలుగు అనేది ఒక రకం బస్సు' అని కంప్యూటరుకు చెబుతారు. జావాలో అందుకు వాడే మాట ఎక్స్‌టెండ్స్. ఆ ఒక్క మాటతో బస్సు క్లాసులో ఉన్న మెథడ్లన్నీ పల్లెవెలుగుకు వచ్చేస్తాయి. ఇదే ఇన్‌హెరిటెన్స్. బస్సు పేరెంట్ క్లాస్, పల్లెవెలుగు చైల్డ్ క్లాస్. కొన్ని పుస్తకాల్లో సూపర్ క్లాస్, సబ్ క్లాస్ అని కూడా ఉంటుంది.

ఇన్‌హెరిటెన్స్‌ను వారసత్వం అని తెలుగులో చెప్పి, తండ్రి ఆస్తి కొడుక్కి వచ్చినట్టు అని చాలామంది వివరిస్తారు. నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను. కానీ ఆ పోలిక పిల్లల్ని దారి తప్పిస్తుంది. ఆస్తి పంచుకుంటే తలా కొంతే వస్తుంది, ఇచ్చినవారి దగ్గర తరుగుతుంది. ఇక్కడ అలా ఉండదు. ఎన్ని చైల్డ్ క్లాసులు ఉన్నా ప్రతిదానికీ మొత్తం వస్తుంది, పేరెంట్ దగ్గర ఏమీ తగ్గదు. పైగా ఆస్తి ఒక్కసారి చేతులు మారితే అంతే. ప్రోగ్రాములో పేరెంట్‌ను రేపు మార్చినా ఆ మార్పు పిల్లలన్నింటికీ చేరుతుంది. ఆస్తి పంపకం కన్నా ఆర్టీసీ సర్క్యులర్ దీనికి దగ్గర పోలిక. పైనుంచి ఒక ఉత్తర్వు వస్తే అన్ని డిపోలకూ వర్తిస్తుంది.

ఎప్పుడు ఇన్‌హెరిటెన్స్ వాడాలో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. 'ఇది ఒక రకం అది' అని వాక్యం కట్టి చూడాలి. 'పల్లెవెలుగు ఒక రకం బస్సు.' బాగుంది. 'కండక్టర్ ఒక రకం బస్సు.' నవ్వొస్తుంది. బస్సులో కండక్టర్ ఉంటారు తప్ప కండక్టరే బస్సు కారు. అలాంటిచోట ఇన్‌హెరిటెన్స్ పనికిరాదు. బస్సు క్లాసు లోపల కండక్టర్ అనే ఆబ్జెక్ట్‌ను పెట్టుకోవాలి. వాక్యం నాలుక మీద తడబడితే ప్రోగ్రాములో కూడా తడబడుతుందని మా పిల్లలకు చెబుతుంటాను.

ఓవర్‌రైడింగ్: ఆ ఒక్క పని నా పద్ధతిలో

అన్నీ పేరెంట్ చెప్పినట్టే చేస్తే అన్ని బస్సులూ ఒకటే అయిపోతాయి. పల్లెవెలుగుకు ఛార్జీ విషయంలో వేరే నియమం కావాలి. అప్పుడు చైల్డ్ క్లాసులో అదే పేరుతో, అవే వివరాలు తీసుకునే మెథడ్‌ను మళ్లీ రాస్తారు. ఇక ఆ రకం బస్సుకు కొత్తదే నడుస్తుంది. ఇదే మెథడ్ ఓవర్‌రైడింగ్. మిగతా మెథడ్లు ఎప్పటిలాగే పేరెంట్ నుంచి వస్తాయి.

పిల్లల నోట్సులో ఉండే ప్రోగ్రాం సారాంశం తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది.

క్లాస్ బస్సు
  • కిలోమీటరు ధర: 1 అని చెప్పు
  • ఛార్జీ (ఎవరు, ఎంత దూరం): దూరం × కిలోమీటరు ధర
  • టికెట్ ఇవ్వు (ఎవరు, ఎంత దూరం): ఛార్జీ లెక్కించు, టికెట్ కొట్టు, టికెట్ల లెక్కకు 1 కలుపు, డబ్బు లెక్కకు ఛార్జీ కలుపు

క్లాస్ పల్లెవెలుగు, ఎక్స్‌టెండ్స్ బస్సు
  • ఛార్జీ (ఎవరు, ఎంత దూరం): మహిళ అయితే 0; కాకపోతే సూపర్ ఛార్జీ

క్లాస్ సూపర్ లగ్జరీ, ఎక్స్‌టెండ్స్ బస్సు
  • కిలోమీటరు ధర: 2 అని చెప్పు

ఇందులో మూడు సంగతులు చూడండి.

ఒకటి, పల్లెవెలుగులో 'టికెట్ ఇవ్వు' అసలు రాయలేదు. అది పేరెంట్ నుంచి వస్తుంది.

రెండు, పురుషుల విషయంలో 'సూపర్ ఛార్జీ' అని ఉంది. జావాలో సూపర్ అంటే 'పేరెంట్ ఎలా చేస్తుందో అలాగే చెయ్యి' అని అర్థం. 'దూరం × 1' అని పిల్లలు అక్కడే రాసేయొచ్చు. ఈరోజుకు జవాబూ సరిగ్గానే వస్తుంది. కానీ రేపు ఛార్జీలు పెరిగి పేరెంట్‌లో ధర మారిస్తే పల్లెవెలుగు మాత్రం పాత ధర దగ్గరే ఉండిపోతుంది.

మూడు, సూపర్ లగ్జరీ ఛార్జీ మెథడ్‌ను ముట్టుకోలేదు. కిలోమీటరు ధర చెప్పే చిన్న మెథడ్‌ను మాత్రమే మార్చుకుంది. ఎంత అవసరమో అంతే మార్చడం మంచి ప్రోగ్రామర్ అలవాటు.

ఓవర్‌లోడింగ్ అని ఇంకో మాట పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉండడంతో చాలామంది తారుమారు చేస్తారు. పేరు ఒకటే ఉండి తీసుకునే వివరాలు మారితే అది ఓవర్‌లోడింగ్. ఉదాహరణకు దూరం ఒక్కటే ఇస్తే ఒక ఛార్జీ మెథడ్, దూరంతో పాటు లగేజీ బరువు కూడా ఇస్తే ఇంకో ఛార్జీ మెథడ్. రెండూ పక్కపక్కన బతుకుతాయి. ఓవర్‌రైడింగ్‌లో పేరూ వివరాలూ రెండూ ఒకటే. చైల్డ్ రాసింది పేరెంట్ రాసినదాని స్థానంలోకి వస్తుంది.

ఎవరి ఛార్జీ నడుస్తుంది?

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. 'టికెట్ ఇవ్వు' ఉన్నది బస్సు క్లాసులో. అందులో 'ఛార్జీ లెక్కించు' అని ఉంది. అక్కడ ఏ ఛార్జీ నడుస్తుంది? అదే క్లాసులో ఉన్న బస్సు ఛార్జీయా, పల్లెవెలుగు ఛార్జీయా?

ఈ ప్రశ్న వేస్తే చాలామంది పిల్లలు 'బస్సు క్లాసులోదే' అంటారు. కాదు. ఆ క్షణంలో టికెట్ ఇస్తున్న ఆబ్జెక్ట్ ఏ రకమో చూసి, ఆ రకం ఛార్జీని కంప్యూటర్ ఎంచుకుంటుంది. ప్రోగ్రాం రాసేటప్పుడు దాన్ని మనం 'ఒక బస్సు' అని పిలిచినా సరే, నడిచేటప్పుడు అది పల్లెవెలుగు అయితే పల్లెవెలుగు నియమమే. డిపో మేనేజర్ 'బస్సులన్నీ బయల్దేరండి' అని ఒక్క మాట అంటారు. ప్రతి డ్రైవరూ తన బండి ఎక్కడెక్కడ ఆగాలో దాని ప్రకారమే ఆపుకుంటూ వెళ్తాడు. మేనేజర్ ఒక్కొక్కరికీ విడిగా చెప్పనక్కర్లేదు. ఒకే ఆజ్ఞకు ఎవరి పద్ధతిలో వారు స్పందించే ఈ గుణాన్ని పాలిమార్ఫిజం అంటారు.

దీని లాభం రేపు తెలుస్తుంది. ఆర్టీసీ కొత్త రకం బస్సు తెస్తే ఇంకో చైల్డ్ క్లాస్ రాస్తే చాలు. 'టికెట్ ఇవ్వు' రాసినవారికి ఆ బస్సు పేరు కూడా తెలియనక్కర్లేదు.

ఇక ల్యాబులో జరిగిన రెండు తప్పులు చూద్దాం.

మొదటి తప్పు: ఒక్క అక్షరం

మొదటి విద్యార్థికి వచ్చిన జవాబు: పల్లెవెలుగులో 5 టికెట్లు, 200 రూపాయలు. అంటే మహిళల దగ్గర కూడా డబ్బు వసూలైంది. నియమం సరిగ్గానే రాశాడు, 'మహిళ అయితే 0' అని కళ్లెదుట కనిపిస్తోంది. అయినా ప్రోగ్రాం దాన్ని పట్టించుకోలేదు.

నోట్సులో ఛార్జీ మెథడ్ పేరు ఇంగ్లిషులో గెట్‌ఫేర్. అందులో ఎఫ్ పెద్ద అక్షరం. ఈ అబ్బాయి చైల్డ్ క్లాసులో ఎఫ్‌ను చిన్న అక్షరంగా రాశాడు. మన కంటికి రెండూ ఒకటే. జావాకు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. 'ఈ పిల్ల క్లాసు ఏదో కొత్త మెథడ్ రాసుకుంది, మంచిదే' అనుకుని ఊరుకుంది. ఆ కొత్తదాన్ని పిలిచేవారే లేరు. 'టికెట్ ఇవ్వు' ఎప్పటిలాగే పెద్ద ఎఫ్ ఉన్న పేరెంట్ ఛార్జీని పిలిచింది. ఎర్రర్ రాకపోవడానికి కారణం, జావా దృష్టిలో అక్కడ తప్పేమీ లేదు.

దీనికి మందు ఒక్క మాట. ఓవర్‌రైడ్ చేస్తున్న మెథడ్ పైన 'ఎట్ ఓవర్‌రైడ్' అని రాయాలి. 2004లో వచ్చిన జావా 5 నుంచి ఈ సౌకర్యం ఉంది. అలా రాస్తే 'నేను పేరెంట్‌లో ఉన్నదాన్నే మారుస్తున్నాను' అని ముందే మాట ఇచ్చినట్టు. పేరెంట్‌లో అలాంటి మెథడ్ లేకపోతే జావా ప్రోగ్రాంను నడవనివ్వదు, ఆ గీత దగ్గరే ఆపేస్తుంది. అబ్బాయి ఆ మాట చేర్చగానే ఎర్ర గీత పడింది, తప్పు దొరికింది. 'ఇది రాయకపోయినా నడుస్తుంది కదా మేడమ్ అని వదిలేశాను' అన్నాడు. సీటు బెల్టు పెట్టుకోకపోయినా కారు నడుస్తుంది మరి.

ఇదే ప్రోగ్రాం పైథాన్‌లో రాసినా ఆ తప్పు అలాగే నిశ్శబ్దంగా దాటిపోతుంది. అందుకని ఏ భాషలో రాసినా, ముందు కాగితం మీద జవాబు వేసుకుని ఆ తర్వాతే ప్రోగ్రాం నడపాలన్నది మా ల్యాబులో నియమం.

రెండో తప్పు: డబ్బు సరిపోయింది, లెక్క తప్పింది

రెండో విద్యార్థిని జవాబు: పల్లెవెలుగులో 80 రూపాయలు. సరిగ్గా ఉంది కదా! ఆ అమ్మాయి సంతోషంగా చెయ్యెత్తింది. టికెట్లు ఎన్నని అడిగాను. రెండు అంది.

తను ఛార్జీ మెథడ్‌ను ముట్టుకోలేదు. నేరుగా 'టికెట్ ఇవ్వు' మెథడ్‌నే ఓవర్‌రైడ్ చేసింది. 'మహిళ అయితే ఏమీ చేయవద్దు' అని రాసింది. ఉచితమైనప్పుడు టికెట్ ఎందుకన్నది తన ఆలోచన. వినడానికి సబబుగానే ఉంది. మొదటి తప్పు కన్నా ఇది ప్రమాదకరం, ఎందుకంటే డబ్బు సరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కానీ బస్సులో జీరో టికెట్ ఎందుకు కొడతారో ఆలోచించండి. ఉచితంగా ప్రయాణించినవారి తరఫున ఆర్టీసీకి డబ్బు చెల్లించేది ప్రభుత్వం. ఎంత చెల్లించాలన్నది తేలేది ఆ టికెట్ల లెక్క మీదే. మన లెక్కలో ముగ్గురు మహిళలు, ఒక్కొక్కరికి 40 రూపాయల ప్రయాణం. ఆ మూడు టికెట్లు లేకపోతే 120 రూపాయలకు ఆధారమే లేదు. ఐదుగురు కూర్చున్న బస్సు కాగితాల్లో ఇద్దరితో నడిచినట్టు కనిపిస్తుంది. ఆ లెక్క చూసి 'ఈ రూటులో జనమే లేరు' అని ఎవరైనా అనుకుంటే?

ఆ అమ్మాయికి సంగతి వెంటనే అర్థమైంది. ఛార్జీ మార్చుకునే స్వేచ్ఛ పల్లెవెలుగుకు ఉంది. టికెట్ ఇవ్వడం మానేసే స్వేచ్ఛ లేదు. 'నన్ను అడిగితే టికెట్ వస్తుంది, లెక్కలో చేరుతుంది' అని బస్సు క్లాసు అందరికీ ఒక మాట ఇచ్చింది. డిపో లెక్కలన్నీ ఆ మాట మీద ఆధారపడి ఉన్నాయి. చైల్డ్ ఎలా చేసినా ఆ మాట నిలబెట్టాలి.

కంప్యూటర్ శాస్త్రంలో ఈ నియమానికి ఒక పేరుంది: లిస్కోవ్ ప్రతిక్షేపణ సూత్రం. అమెరికా శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఇచ్చిన ఒక ప్రసంగంలో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. పేరెంట్ ఉండాల్సిన చోట చైల్డ్‌ను పెట్టినా, దాని మీద ఆధారపడినవారికి ఇబ్బంది రాకూడదన్నది దాని సారం. ప్రోగ్రామింగ్ భాషల్లో ఆమె చేసిన కృషికి 2008 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటిది అది.

ఈ తప్పుకు కూడా జావాలో ఒక కాపలా మాట ఉంది: ఫైనల్. పేరెంట్‌లో 'టికెట్ ఇవ్వు' ముందు ఫైనల్ అని రాస్తే ఏ చైల్డ్ క్లాసూ దాన్ని ఓవర్‌రైడ్ చేయలేదు. ఛార్జీ ముందు ఆ మాట రాయకుండా వదిలేయాలి. ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చకూడదో పేరెంటే ముందుగా తేల్చి చెప్పడమన్నమాట. ఇది చెప్పినప్పుడు క్లాసులో ఓ పిల్లవాడు "మా ఇంట్లో అన్నీ ఫైనలే మేడమ్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ సంగతి మీకే వదిలేస్తున్నాను.

ఈ ఆలోచన కూడా బస్సుల దగ్గరే పుట్టింది

నేను ఆర్టీసీని ఉదాహరణగా తీసుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఇన్‌హెరిటెన్స్ పుట్టింది నార్వే రాజధాని ఓస్లోలో. అక్కడి నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా అనే భాషను తయారు చేస్తున్నారు. నిజ జీవితంలోని రద్దీని, క్యూలను కంప్యూటర్‌లో నమూనాగా చూపడం వారి పని.

1966 డిసెంబరులో వారి ముందున్న ఉదాహరణ ఒక వంతెన, దాని మీద టోల్ గేటు, గేటు ముందు లారీలు, బస్సుల క్యూ. లారీ వేరు, బస్సు వేరు. కానీ రెండూ క్యూలో నిలబడాల్సినవే. క్యూలో నిలబడే గుణాన్ని ఒకసారే రాసి, లారీకీ బస్సుకీ అతికించగలిగితే? ఆ ఆలోచనే సిమ్యులా 67 అనే భాషలో ఈనాటి ఇన్‌హెరిటెన్స్‌గా వచ్చింది. చైల్డ్ తన పద్ధతిలో మార్చుకోగలిగే మెథడ్లను ఆ భాషలో వర్చువల్ అన్నారు. సి ప్లస్ ప్లస్ చదివే పిల్లల నోట్సులో ఆ మాట ఈనాటికీ ఉంది. 1995లో వచ్చిన జావా కూడా ఆ దారిలోదే. డాల్, నైగార్డ్‌లకు 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

టోల్ గేటు దగ్గర మనమూ ఎన్నోసార్లు ఆగాం. వారు అక్కడ 'ఏది ఉమ్మడి, ఏది వేరు' అని అడిగారు. మీ పిల్లలకు ఈ పాఠం నేర్పాల్సింది కూడా ఆ ప్రశ్న అడగడమే.

ఇంట్లో మీరు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు జవాబు. ఈ రోజుల్లో ఫోన్‌లో అడిగితే పూర్తి ప్రోగ్రాం క్షణాల్లో వచ్చేస్తుంది. కాబట్టి ప్రోగ్రాం నడిచిందా అన్నది పరీక్ష కాదు. భోజనాల దగ్గర, పుస్తకం మూసి ఉండగా ఈ ఐదూ అడగండి. జవాబు ఎలా ఉండాలో కూడా రాస్తున్నాను.

1. "మన ఇంట్లో, వీధిలో ఉన్నవాటిలో 'ఇది ఒక రకం అది' అనే జత ఒకటి చెప్పు. ఆ వాక్యం కుదరని జత కూడా ఒకటి చెప్పు." ఆటో ఒక రకం వాహనం, చక్రం ఒక రకం వాహనం కాదు. ఇలాంటి జవాబు సొంతంగా రావాలి. పుస్తకంలోని కుక్క, జంతువు ఉదాహరణే చెబితే ఇంకోటి అడగండి.

2. "బస్సు క్లాసులో ధర మారిస్తే పల్లెవెలుగులో పురుషుల టికెట్ మారుతుందా?" సూపర్ అని రాసి ఉంటే మారుతుంది, 'దూరం × 1' అని మళ్లీ రాసి ఉంటే మారదు. 'ఎలా రాశామన్న దాన్నిబట్టి ఉంటుంది' అని మొదలుపెడితే మీ బిడ్డకు విషయం తెలిసినట్టే.

3. "చైల్డ్‌లో మెథడ్ పేరు తప్పు రాస్తే ఏమవుతుంది?" 'ఎర్రర్ వస్తుంది' అంటే పాఠం సగమే వచ్చినట్టు. 'ఎర్రర్ రాదు, పేరెంట్‌ది నడుస్తుంది' అనాలి. ఎట్ ఓవర్‌రైడ్ మాట తనంతట తాను ఎత్తితే ఇంకా మంచిది.

4. "ఓవర్‌లోడింగ్‌కూ దీనికీ తేడా ఏమిటి?" వివరాలు మారితే ఓవర్‌లోడింగ్, అవే వివరాలతో చైల్డ్‌లో మళ్లీ రాస్తే ఓవర్‌రైడింగ్. రెంటికీ ఒక్కో ఉదాహరణ అడగండి.

5. "ఉచితమైనా కండక్టర్ టికెట్ ఎందుకు కొడతాడు?" ఇందులో కంప్యూటర్ మాట ఒక్కటీ లేదు. కానీ దీనికి జవాబు చెప్పగలిగిన పిల్లలే మంచి ప్రోగ్రాం రాయగలరు.

ఒక మనవి. జవాబు రాకపోతే కోప్పడకండి. 'రేపు మేడమ్‌ను అడిగి నాకు చెప్పు' అనండి. తెలియని అమ్మానాన్నలకు వివరించి చెప్పాల్సి వచ్చినప్పుడే పిల్లలకు తమకేది తెలియదో బయటపడుతుంది. మీకు జావా రాకపోవడం ఇక్కడ లోటు కాదు, మంచి అవకాశం.

ఈ నెల ఇంటి పని

ఎక్స్‌ప్రెస్ బస్సులోనూ మహిళలకు ఉచితమే. అయితే పల్లెవెలుగులో రాసిన ఛార్జీ మెథడ్‌నే ఎక్స్‌ప్రెస్‌లో కూడా మళ్లీ రాయాలా? రాయకుండా కుదిరే మార్గం ఉందా? మీ అబ్బాయి లేదా అమ్మాయితో కాగితం మీద బొమ్మ గీయించండి. పైన బస్సు, కింద మిగతావి, మధ్యలో గీతలు. బస్సుకూ ఈ రెండింటికీ మధ్యలో ఇంకో పెట్టె వస్తే దారి దొరికినట్టే. ఆ పెట్టెకు ఏం పేరు పెట్టాలో, అందులో ఏ మెథడ్ ఉండాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

ఆ కాగితాన్ని వచ్చే పేరెంట్స్ మీటింగుకు తీసుకురండి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్నా ఫరవాలేదు. ఆ రోజు మార్కుల షీటు కన్నా ముందు ఆ బొమ్మనే చూస్తాను.

మీ పిల్లల కంప్యూటర్ టీచర్